డాష్‌బోర్డ్ మొత్తం అకౌంట్స్ లెక్కతో కలవడం లేదా? ముందు వరుసలు లెక్కపెట్టండి

సమస్య: నెలవారీ అమ్మకాల డాష్‌బోర్డ్‌లో మొత్తం అకౌంట్స్ వాళ్ల లెక్క కంటే ఎక్కువ వస్తోంది. ఎవరి నంబర్ కరెక్టో తేల్చేసరికే మీటింగ్ అయిపోతోంది. ఇలా రెండుసార్లు జరిగితే మేనేజర్లు డాష్‌బోర్డ్ పక్కన పెట్టి, మళ్లీ ఎక్సెల్ షీట్ పంపమంటారు. పోయిన ఆ నమ్మకం తిరిగి రావడం చాలా కష్టం.

డాష్‌బోర్డ్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ టూల్ పవర్ బీఐ ఉదాహరణతో చెబుతాను.

ఫార్ములాల జోలికి వెళ్లేముందు చివరి రిఫ్రెష్ (సోర్స్ నుంచి కొత్త డేటా తెచ్చుకోవడం) ఎప్పుడు జరిగిందో చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది వదిలేసి ఫార్ములాలు తిరగరాసేవాళ్లే ఎక్కువ. షెడ్యూల్ రిఫ్రెష్ వరుసగా 4 సార్లు ఫెయిలైతే, లేదా సోర్స్ పాస్‌వర్డ్ మారి లాగిన్ చెల్లకపోతే, పవర్ బీఐ షెడ్యూల్‌నే ఆపేస్తుంది. రిపోర్ట్ మాత్రం పాత డేటాతో మామూలుగానే తెరుచుకుంటుంది. తర్వాత తేదీ చూడండి. మీరు ఆర్డర్ తేదీ మీద, అకౌంట్స్ వాళ్లు ఇన్వాయిస్ తేదీ మీద లెక్కేస్తుంటే నెలాఖరు అమ్మకాలు అటూ ఇటూ అవుతాయి.

ఈ రెండూ సరిగ్గానే ఉన్నాయా? అయితే కస్టమర్ మాస్టర్ (కస్టమర్ల కోడ్‌లు, వివరాలు ఉండే టేబుల్) తెరవండి.

అసలు కారణం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఒక కస్టమర్ వేరే రీజియన్‌కు మారాడనుకోండి. ఎవరో పాత వరుసను మార్చకుండా అదే కోడ్‌తో కొత్త వరుస చేర్చారు. పవర్ క్వెరీలో (పవర్ బీఐలో డేటాను సిద్ధం చేసే భాగం) అమ్మకాల టేబుల్‌కు మాస్టర్‌ను కోడ్ మీద మెర్జ్ చేసి (జతచేసి), దాని కాలమ్‌లను ఎక్స్‌పాండ్ చేయగానే, ఆ కస్టమర్ అమ్మకం ఒక్కోటి రెండు వరుసలవుతుంది. ఎర్రర్ రాదు. తేడా ఆ ఒక్క కస్టమర్ వరకే కాబట్టి మొత్తంలో చిన్నదిగా కనిపిస్తుంది, రౌండింగ్ అని సర్దుకుపోతాం.

నేనూ అలాగే సర్దుకుపోయాను. తేడా పెరిగాక టెన్షన్‌లో అమ్మకాల టేబుల్ మీదే రిమూవ్ డూప్లికేట్స్ కొట్టాను. మొత్తం దాదాపు కలిసింది. తర్వాతి నెల తక్కువ వచ్చింది. ఆ టేబుల్‌లో ఇన్వాయిస్ నంబర్ లేదు. ఒకే రోజు, ఒకే కస్టమర్, ఒకే మొత్తానికి జరిగిన రెండు నిజమైన అమ్మకాల్లో ఒకటి ఎగిరిపోయింది. దయచేసి ఆ పని చేయకండి.

ఎలా పట్టుకోవాలి: మెర్జ్‌కు ముందు వరుసలెన్ని, ఎక్స్‌పాండ్ తర్వాత ఎన్ని? ముందు 12,480 ఉండి తర్వాత 12,611 అయితే, ఆ 131 వరుసలే మీ తేడా. మాస్టర్‌ను కస్టమర్ కోడ్ మీద గ్రూప్ బై చేసి, కౌంట్ 1 దాటినవి చూడండి. వాటి అమ్మకాలు కూడితే తేడా తేలిపోతుంది.

పరిష్కారం మాస్టర్‌లోనే చేయాలి. ఒక కోడ్‌కు ఒకే వరుస ఉండాలి. పాత రీజియన్ చరిత్ర కావాలంటే దాన్ని "నుంచి", "వరకు" తేదీలతో వేరే టేబుల్‌లో పెట్టి, అమ్మకం తేదీని బట్టి కలపండి. మాస్టర్ మీద కూడా రిమూవ్ డూప్లికేట్స్‌ను గుడ్డిగా నమ్మకండి, ఏ వరుస మిగులుతుందో మీ చేతిలో ఉండదు. పైగా పవర్ క్వెరీకి ఇంగ్లిష్ పెద్ద అక్షరాల కోడ్, చిన్న అక్షరాల కోడ్ వేర్వేరు. మోడల్‌కు (పవర్ బీఐలో టేబుళ్లు లోడై ఒకదానితో ఒకటి కలిసే చోటు) రెండూ ఒకటే. అందుకే డూప్లికేట్లు తీసేశాక కూడా టేబుళ్లను కలిపే రిలేషన్‌షిప్ దగ్గర డూప్లికేట్ ఉందని ఎర్రర్ వస్తుంది. ముందు కోడ్‌లన్నీ ట్రిమ్ చేసి (ముందూ వెనకా ఖాళీలు తీసేసి), పెద్ద అక్షరాల్లోకి మార్చి, ఆ తర్వాతే వెతకండి.

ఈ వరుసల లెక్కను రిపోర్ట్‌లోనే ఒక పేజీగా పెట్టి, మీటింగ్‌కు ముందు రోజు చూడండి.

మిగతావి అరుదు. ఒక మేనేజర్‌కు మాత్రమే తక్కువ కనిపిస్తుంటే అతనికి ఏ డేటా కనిపించాలో నిర్ణయించే యాక్సెస్ రోల్ చూడండి. తెల్లవారుజామున మాత్రమే "ఈరోజు" లెక్క తప్పుతుంటే, పవర్ బీఐ సర్వీస్ తేదీని యూటీసీలో (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే అంతర్జాతీయ సమయం) తీసుకోవడమే కారణం.