ఎస్‌క్యూలైట్‌లో ఎస్‌టీ_డిస్టెన్స్ ఎలా దారికొచ్చిందంటే (నా అనుభవం)

ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌కి మ్యాపులు, దూరాల లెక్కలు నేర్పే ఎక్స్‌టెన్షన్ స్పేషియాలైట్ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది. అయినా దూరం లెక్కగట్టే క్వెరీకి ‘నో సచ్ ఫంక్షన్: ఎస్‌టీ_డిస్టెన్స్’ అని ఎర్రర్. అదీ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు! రెండు రోజులు తల పట్టుకున్నాను.

చివరికి తేలిందేమిటంటే, ఎస్‌క్యూలైట్‌లో ఎక్స్‌టెన్షన్‌ని ఏ కనెక్షన్‌కి ఆ కనెక్షన్‌లో లోడ్ చేయాలి. నేను స్టార్టప్‌లో ఒక్కసారే చేశాను. కనెక్షన్ పూల్ (కనెక్షన్లను తెరిచి సిద్ధంగా ఉంచే భాగం) ఆ తర్వాత తెరిచిన కనెక్షన్లకి ఆ ఫంక్షన్ల ఊసే తెలియదు.

అందుకని సొంత అడాప్టర్ (యాప్‌ని డేటాబేస్‌తో కలిపే కోడ్) రాసి, కనెక్షన్ తెరిచే మెథడ్‌లోనే ఎనేబుల్_లోడ్_ఎక్స్‌టెన్షన్ ఆన్ చేసి, మాడ్_స్పేషియాలైట్ (స్పేషియాలైట్ ఎక్స్‌టెన్షన్ ఫైల్) లోడ్ చేసి, వెంటనే ఆఫ్ చేశాను. ఆ ఆఫ్ చేయడం మాత్రం మరవకండి, భద్రత కోసం.

ఎర్రర్ పోయింది కానీ దూరం 0.02 అని వచ్చింది! ఎస్‌ఆర్‌ఐడీ (కోఆర్డినేట్ పద్ధతి నంబర్) 4326, అంటే అక్షాంశ రేఖాంశాలు కదా, డిగ్రీల్లో ఇచ్చింది. ఎస్‌టీ_డిస్టెన్స్‌కి మూడో ఆర్గ్యుమెంట్‌గా 1 ఇచ్చాక మీటర్లలో వచ్చింది.