ప్రేమ నవల సూచించే ముందు ముగింపు గుర్తు చేసుకోండి

ఆప్తులను పోగొట్టుకున్న స్నేహితురాలు మనసు కుదుటపడే ప్రేమ నవల చెప్పమన్నప్పుడు, పేరున్న పుస్తకం కదా అని శరత్ ‘దేవదాసు’ను చేతిలో పెట్టకండి, పార్వతి ఇంటి వాకిట, ఆమెను చూడకుండానే అతడు కన్నుమూసే ఆ చివరి పుటలు పచ్చి గాయాన్ని మళ్లీ రేపుతాయి. ఎంత గొప్ప నవల అయినా దానికి సమయం వేరు. అడవి బాపిరాజు ‘నారాయణరావు’ ముందుగా ఇవ్వండి. పెళ్లయిన తరువాత కూడా భర్తకు దూరంగానే మసలిన శారద మనసు నెమ్మదిగా అతనివైపు మొగ్గడాన్ని, 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని ‘వేయిపడగలు’తో పంచుకున్న ఈ నవల ఎంతో ఓపికగా చిత్రిస్తుంది. చెన్నైలో ఉంటున్నవారు ఎగ్మూరులో 1896 నుంచి నడుస్తున్న కన్నెమరా గ్రంథాలయంలో అడిగి చూడవచ్చు. ఇచ్చేటప్పుడు కథ చెప్పకండి. ముగింపు విషాదమా కాదా అన్నది మాత్రం తప్పక చెప్పండి.