షాపు అద్దంలో రాకెట్ కిట్ కనిపిస్తే

హాబీ షాపు అద్దం వెనక అంతరిక్ష నౌకల మోడల్ కిట్ కనిపించిందా? పెట్టె మీద బొమ్మ చూసి మురిసిపోకుండా ముందు స్కేల్ చూడండి, అంటే మోడల్ అసలు దానిలో ఎన్నో వంతో. మనుషుల్ని చంద్రుడి వైపు పంపిన అసలు సాటర్న్ 5 రాకెట్ ఎత్తు దాదాపు 110 మీటర్లు. 1/144 స్కేల్లో అయితే సుమారు 77 సెంటీమీటర్లు, బీరువా మీద సర్దేయొచ్చు. అదే 1/72 అయితే మీటరున్నర! ఇంట్లో ఎక్కడ నిలబెడతారో ఆలోచించుకోండి. 1/48లో అపోలో లూనార్ మాడ్యూల్ (చంద్రుడి మీద దిగిన నౌక) ఎత్తు మాత్రం 15 సెంటీమీటర్ల లోపే, కొత్తవాళ్లకి అది నయం.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎండ పడే అద్దంలో నెలల తరబడి ఉన్న పెట్టె కాకుండా లోపలున్నది అడగండి. పాతబడితే నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే డెకాల్స్ (అక్షరాలు, గుర్తుల పల్చటి స్టిక్కర్లు) పసుపెక్కుతాయి, నీళ్లలో వేయగానే ముక్కలవుతాయి కూడా. పెట్టె తెరవనిస్తే ముందు ఆ డెకాల్స్ షీటే చూడండి. అనుమానంగా ఉంటే పనికిరాని ఒక చిన్న డెకాల్ కత్తిరించి నానబెట్టి చూడాలి. పగిలితే మిగతా షీటు మీద క్లియర్ వార్నిష్ స్ప్రే చేసి, ఆరాక ఒక్కొక్కటీ కత్తిరించి వాడుకోవచ్చు.

రంగులు, జిగురు చాలా కిట్లలో రావు, విడిగా కొనాలి.

సాటర్న్ 5కి రంగేసే ముందు ఎగిరిన రాకెట్ ఫొటోలు చూడండి. 1966లో లాంచ్‌ప్యాడ్ పరీక్షలకు నిలబెట్టిన నమూనా మీది నల్లపట్టీలు వేరు. కొన్ని పాత కిట్లు దాన్నే అనుసరించాయి.