వంద పాత్రలకు ఒకే గొంతు: యానిమేషన్, వీడియో గేమ్ వాయిస్ ఆర్టిస్టుల పని పద్ధతి

ఒక్క పూటలో పది గొంతులు మార్చి వినిపించడం పెద్ద కష్టం కాదు. అదే గొంతును ఏడాదిన్నర తర్వాత రెండో సీజన్‌కు పిలిచినప్పుడు తేడా తెలియకుండా పలకాలి, పలికాక మర్నాడూ మాట్లాడగలగాలి. కష్టమంతా అక్కడుంది. వందల పాత్రలు చేసినవాళ్లు గట్టిగా పట్టుకున్నవి ఈ రెండే కాబట్టి సాధన కూడా వీటితోనే మొదలుపెట్టండి.

శ్రుతి ఒక్కటే మార్చితే అది సన్నబడ్డ మీ గొంతో, బొంగురుపోయిన మీ గొంతో అవుతుంది తప్ప కొత్త పాత్ర అవదు. మార్చడానికి ఐదున్నాయి: శ్రుతి, ధ్వని మోగే చోటు (ముక్కు, ఛాతీ, పళ్ల వెనక), మాటలో కలిసే గాలి, దవడ నాలుకల పట్టు, మాట నడక. ఒక్కో పాత్రకు కనీసం మూడు మార్చండి. అందరూ వదిలేసేది నడకనే. కార్టూన్ బాతు డాఫీ డక్‌కీ, సిల్వెస్టర్ పిల్లికీ అమెరికా వాయిస్ ఆర్టిస్టు మెల్ బ్లాంక్ ఇచ్చింది ఇంచుమించు ఒకే గొంతు. డాఫీ రికార్డింగును మాత్రం వేగం పెంచి వాడేవారు. అంత చిన్న తేడాతోనే ఇద్దరూ వేరైపోయారు.

గొంతు కుదిరిన రోజే దాన్ని దాచుకోండి. ప్రతి పాత్రకూ 20 సెకన్ల క్లిప్పు: మామూలు మాట, కోపం, గుసగుస, నవ్వు. పక్కన శరీరం గుర్తులు రాయండి: "దవడ ముందుకు, నాలుక కొస కింది పళ్లకు ఆని, భుజాలు వంచి." "ముసలి మాంత్రికుడు, గంభీరంగా" అని రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత అది దేనికీ పనికిరాదు. ఆ గొంతులోకి ఒక్కసారిగా దింపే తాళంచెవి మాట కూడా ఒకటి ఉండాలి, పాత్ర పలికే వాక్యాల్లోంచే ఏరుకోండి. సెషన్ మధ్యలో ప్రతి 30 లైన్లకు ఒకసారి క్లిప్పు వినండి. గంట గడిచేసరికి శ్రుతి పైకి పాకుతుంది, పాత్ర మెల్లగా మీ సొంత గొంతులోకి జారుతుంది. పలికేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

గేమ్ స్క్రిప్టు చాలాసార్లు ఎక్సెల్ షీటులో వస్తుంది. ఒక్కో లైనుకు ఒక ఫైల్ పేరు, కథ వరుస ఉండదు. అందుకే ప్రతి లైనుకూ ముందు మూడు అడగండి: ఎవరితో, ఎంత దూరం నుంచి, అంతకు ముందు క్షణం ఏం జరిగింది. దూరం మరీ ముఖ్యం. "ఇటు రా!" అని ఎదురుగా కూర్చున్న మనిషితో అన్నట్టు పలికితే, 30 మీటర్ల అవతలి పాత్ర నోట అది అబద్ధంలా వినిపిస్తుంది. శబ్దాన్ని గేమ్ తగ్గించగలదు, మామూలు మాటను మాత్రం కేకగా మార్చలేదు. మూడు టేకులు వరుసగా అడిగితే మూడింట్లో ఉద్దేశం మార్చండి, గట్టితనం కాదు. "తూటాలు అయిపోయాయి!" లాంటి పొట్టి లైన్లను ఆటగాడు వందలసార్లు వింటాడు. వాటిలో విరుపులు పెట్టకండి, పదోసారికే విసుగొస్తాయి.

ఇక గొంతు తినేసే భాగం ఎఫర్ట్స్: దెబ్బ తినడం, ఎత్తు నుంచి పడటం, మంటల్లో చావడం. వీటిని ఎప్పుడూ సెషన్ చివర్లో పెట్టించుకోండి. అరుపు తర్వాత స్వరతంత్రులు వాస్తాయి, వాచాక సన్నని గొంతులు పలకవు. అంతకంటే హాని, గొంతు బిగించి గాలిని ఆపి ఒక్కసారిగా వదలడం. పొట్టతో గాలి తోసి, ముందు ఊపిరి కదిలాక శబ్దం కలపండి. బొంగురు అరుపు కావాలంటే గరుకుదనం స్వరతంత్రుల పైనుండే మడతల్లోంచి రావాలి, దాన్ని నేర్పేవాళ్ల దగ్గరే నేర్చుకోండి. దెబ్బ పడేది కడుపులోనా, దవడ మీదా అని తేల్చుకుని పలకండి. కడుపులో పడితే గాలి బయటికి పోతుంది, దవడ మీదైతే నోరు మూసుకుపోతుంది. నొప్పి తెలియనివ్వని మెంథాల్ బిళ్లలు వేసుకుని అరవకండి.

అరుపుల సెషన్లను రెండు గంటలకు మించనివ్వకండి. 2016 అక్టోబరులో అమెరికా గేమ్ నటులు మొదలుపెట్టి ఏడాదికి దగ్గరగా నడిపిన సమ్మెలో గొంతు ఒత్తిడి కూడా ఒక ప్రధానాంశం. పని అయ్యాక గ్లాసు నీళ్లలో స్ట్రా మూడు నాలుగు సెంటీమీటర్లు ముంచి, "ఊ" అంటూ ఐదు నిమిషాలు బుడగలు ఊదండి. గుసగుసలాడటం విశ్రాంతి కాదు, పూర్తిగా మౌనంగా ఉండండి. బొంగురు రెండు మూడు వారాలు దాటితే చెవి ముక్కు గొంతు వైద్యుల దగ్గరకు వెళ్లండి.

యానిమేషన్‌లో గొంతు ముందొచ్చి బొమ్మ తర్వాతొస్తే నిడివి మీ చేతిలో ఉంటుంది. బొమ్మకు డబ్బింగ్ చెప్పాల్సొస్తే హెడ్‌ఫోన్‌లో వినిపించే మూడు బీపుల తర్వాత, వినపడని నాలుగో దెబ్బ మీద మాట మొదలవ్వాలి. ప, బ, మ అక్షరాలు బొమ్మ పెదాలు మూసినచోటే పడాలి. మిగతా చిన్న తేడాలను కన్ను క్షమిస్తుంది.

ఇంట్లో రికార్డు చేసేటప్పుడు మైకు జానెడు దూరంలో, నోటికి కొంచెం పక్కగా ఉండాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. మీ మాటలో అతి గట్టి శబ్దాలు కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు, గది రొద మైనస్ 60 కంటే కింద ఉండాలి. అరుపులకు గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలన్న అమరిక) తగ్గించి ఒకడుగు వెనక్కి జరగండి. శబ్దం హద్దు దాటి పగిలిన టేకును పూర్తిగా బాగుచేయడం ఇంజినీరుకూ కష్టమే. అడగనిదే నాయిస్ రిడక్షన్ (రొద తీసే ప్రక్రియ) వేసి పంపకండి.

డెమో, అంటే పని అడగడానికి పంపే మీ గొంతుల నమూనా, 60 నుంచి 90 సెకన్లు. ఆరేడు పాత్రలు, అన్నిటికంటే మంచిది మొదట పెట్టండి. కార్టూన్ డెమో, గేమ్ డెమో వేరువేరుగా చేయండి, ఎందుకంటే గేముల్లో ఎక్కువ అడిగేది సహజమైన మాట.

సంతకానికి ముందు ఏఐ షరతు చదవండి. 2024 జులై నుంచి దాదాపు ఏడాది సాగిన అమెరికా గేమ్ నటుల సమ్మె ప్రధానంగా దీని గురించే. మీ రికార్డింగుతో కృత్రిమ గొంతు తయారుచేయవచ్చా, చేస్తే ఏ గేముకు, ఎంతకాలం, ఎంత సొమ్ముకు అన్నది కాగితం మీదే ఉండాలి. "భవిష్యత్తులో వచ్చే అన్ని మాధ్యమాలలో" అన్న వాక్యం కనిపిస్తే కొట్టేయమని అడగండి. ఒప్పుకోకపోతే ఆ వాడకానికి విడిగా రేటు రాయించండి.