బఫర్‌లో ముద్దకట్టే నానోకణాలు: నా అనుభవం

విశాఖలో మా ల్యాబ్‌లో ఎఫ్8బీటీ అనే వెలుగునిచ్చే పాలిమర్‌తో, జీవకణాల ఇమేజింగ్ కోసం వెలిగే నానోకణాలు చేస్తాం. పాలిమర్‌ను టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే ద్రావణి)లో కరిగించి, సోనికేటర్‌లో (శబ్ద తరంగాలతో కదిలించే పరికరం) పెట్టిన నీళ్లలోకి ఒక్కసారిగా ఇంజెక్ట్ చేస్తే చాలు. మన తేమ గాలికి టీహెచ్‌ఎఫ్ నీరు పీల్చేస్తుంది, మూత తీసి ఉంచకూడదు.

ఈ కణాలు నీళ్లలో బాగానే ఉండేవి. పీబీఎస్ బఫర్ (జీవకణాలకు వాడే ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) కలపగానే అడుగున పసుపు మడ్డి! చాలా టెన్షన్ పడ్డాను. కణాలను విడదీసి ఉంచేది వాటిమీది రుణావేశమే; బఫర్‌లోని ఉప్పు దాన్ని కప్పేస్తుంది, దాంతో కణాలు అంటుకుపోతాయి.

టీహెచ్‌ఎఫ్‌లోనే, పాలిమర్ బరువులో ఐదో వంతు, పాలీస్టైరీన్‌కు పీఈజీ (నీటిని ఇష్టపడే పాలిమర్) తోకలు అతికించిన పాలిమర్ కలిపాను. స్టైరీన్ లోపల చిక్కుకుంటుంది, తోకలు బయటికి చాచుకుని కణాలను దగ్గరకు రానివ్వవు. మడ్డి పోయింది. చివర్లో నైట్రోజన్ ఊది టీహెచ్‌ఎఫ్ పోగొట్టాలి, మిగిలితే జీవకణాలకు హాని.