కొరాపుట్ క్యాంపుకు బయలుదేరే ముందు

నెలకు రెండుసార్లు ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ, కొరాపుట్ తిరిగే ఉద్యోగం నాది. బట్టలకన్నా ముందు తిండి సంగతి చూసుకోవాలని కాస్త ఆలస్యంగా తెలిసింది.

• ఇంట్లో తినే బయలుదేరండి. ఆకలితో రైలు దిగితే మొదట కనిపించేది బరా (మన గారెలాంటిదే), పకోడీ. పక్కనే ఉండే గుగుని బఠాణీల కూరే, అది ఫర్వాలేదు.

• సంచిలో వేయించిన శనగలు, జామకాయలు, అరటిపళ్లు. వండినది బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పులిహోర విషయంలో మా అమ్మ ఈ లెక్క ఒప్పుకోదు, కానీ ఎండాకాలంలో నేను తీసుకెళ్లను.

• హోటల్లో ఏం అడగాలో ముందే అనుకోండి. నా ఓటు దాల్మాకి. పప్పులో అరటికాయ, గుమ్మడి, బొప్పాయికాయ, వంకాయ వేసి ఉడికిస్తారు. అన్నం తగ్గించి అదే రెండోసారి వేయించుకోండి. కొరాపుట్ వైపు మండియా పేజ్ దొరుకుతుంది, మన రాగి అంబలే. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం దాన్నీ అన్నం లెక్కలోనే వేసుకోవాలి.

• మాత్రలు చేతిసంచిలోనే. ఒకసారి నా పెట్టె జీపులో ముందే వెళ్లిపోయింది, బీపీ మాత్ర రాత్రి పదింటికి పడింది. ఆ టెన్షన్ చాలు.

• ఆవకాయ చిన్న సీసా చాలు. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి కదా.

• మంచినీళ్లు, రెండు ఓఆర్ఎస్ పొట్లాలు.

• ఆఫీసులో ఛెనాపోడ (పాలవిరుగుడు, పంచదార కలిపి కాల్చే మిఠాయి) పెడితే వద్దనలేం. ఒక ముక్క తిని, ఆ పూట టీలో పంచదార మానేస్తాను.