సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేసే ముందు ఇవి చూసుకోండి

ఎచ్చెర్ల యూనివర్సిటీలో, ఇటు విజయనగరం కాలేజీల్లో సైన్స్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిపి ఏటా ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ గురించి చాలామందికి తెలీదు, రెండు నెలలు పెద్ద ల్యాబ్‌లో సైంటిస్ట్ దగ్గర పనిచేయొచ్చు, స్టైపెండ్ కూడా ఇస్తారు.

ముందు పేరు చూసుకోండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌బుక్‌లో ఇంకోలా ఉంటే స్టైపెండ్ పడేటప్పుడు ఇబ్బంది, ఇప్పుడే మార్పించేసుకోండి.

రికమెండేషన్ లెటర్ సంగతి ఆఖరి రోజుకి పెట్టొద్దు. నేను అప్లికేషన్‌లో, లెటర్ రాసే సర్ మెయిల్ ఐడీలో ఒక్క చుక్క వదిలేశాను, ఆయన రోజూ మెయిల్ చూసుకుంటున్నారు, ఆయన లెటర్ పంపాల్సిన లింక్ ఎక్కడికో పోయింది, తెలిసేసరికి గడువు అయిపోయింది, ఆ ఏడాది పోయినట్టే. అందుకే సర్ పక్కనే కూర్చుని టైప్ చేయండి, స్పామ్ కూడా చూడమనండి.

ఏం చేయాలనుకుంటున్నారో రాసే పేజీ అన్నిటికన్నా ముఖ్యం. నెట్‌లోది కాపీ కొట్టొద్దు దయచేసి. మీ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ రీడింగ్ మూడుసార్లూ తేడా వస్తే ఎందుకని ఆలోచించారా, అది రాయండి, వంశధార నీళ్ల మీదో జీడితోటల తెగుళ్ల మీదో మీకున్న ప్రశ్న రాయండి. ఇంగ్లీషు సాదాగా ఉన్నా పర్లేదు.

ఫొటో, మార్కుల మెమోలు ముందే స్కాన్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి. సెలెక్ట్ అయితే ఆమదాలవలస నుంచి టికెట్ వెంటనే తీసేయండి, వేసవిలో బెర్తులు దొరకవు.